ప్రభుత్వ పథకాన్ని పుట్టుక నుంచి ఫలితం దాకా అధ్యయనం చేయడం ఎలా: రైతుబంధు ఉదాహరణతో పూర్తి మార్గదర్శి

పబ్లిక్ పాలసీ చదివే విద్యార్థులు, గ్రూప్-1కు సిద్ధమయ్యేవాళ్లు, జిల్లా విలేకరులు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఒక పథకం ఎలా పుట్టింది, కింద ఎలా అమలైంది, ఫలితం ఇచ్చిందా లేదా అన్నది పద్ధతిగా తేల్చుకోవడం ఎలా? సిద్ధాంతాల పుస్తకాలు చదివాక కూడా మొదటి రోజు ఏ కాగితం తెరవాలో తెలియడం లేదంటున్నారు. అందుకే ఒకే పథకాన్ని పట్టుకుని వరుసగా పని చూపిస్తున్నాను.

ఉదాహరణగా తెలంగాణ రైతుబంధును, అంటే పట్టా భూమికి ఎకరాల లెక్కన ప్రభుత్వం ఇచ్చిన పంట పెట్టుబడి సాయాన్ని తీసుకున్నాను. ఒక కారణం, దాని కాగితాలు, తేదీలు బయట దొరుకుతాయి. ఇంకో కారణం, ఊళ్లో ఎవరిని కదిలించినా దాని గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇదే వరుస ఆరోగ్యశ్రీకైనా, మధ్యాహ్న భోజనానికైనా, పింఛన్లకైనా పనికొస్తుంది.

## మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఒక నోట్‌బుక్. తేదీలకు, ప్రశ్నలకు, మనుషులు చెప్పిన మాటలకు వేర్వేరు భాగాలు.
- ఒక ఎక్సెల్ షీట్. ప్రతి అంకె పక్కన అది ఏ పత్రంలో, ఏ పేజీలో ఉందో రాసే గడి తప్పనిసరి.
- దించుకున్న ప్రతి పీడీఎఫ్‌కు తేదీతో పేరు. ప్రభుత్వ వెబ్‌సైట్లలో పత్రాలు మాయమవుతుంటాయి, లింకును నమ్ముకోవద్దు.
- అధ్యయనానికి ఎంచుకున్న మండలం. భాష, యాస మీకు తెలిసిన చోటైతే పని సగం తేలికవుతుంది.

## 1. ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"రైతుబంధు విజయవంతమైందా?" అన్నది అధ్యయనం చేయగలిగిన ప్రశ్న కాదు. ఎవరి దృష్టిలో, ఏ లక్ష్యంతో పోల్చి, ఏ కాలంలో అన్నది అందులో లేదు. దానితో మొదలుపెడితే చివరికి మీ అభిప్రాయమే మీ ఫలితంగా తేలుతుంది.

మంచి ప్రశ్నలు ఇలా ఉంటాయి:

- ఫలానా మండలంలో పట్టా ఉండి కూడా మొదటి విడత డబ్బు అందనివాళ్లు ఎవరు, ఎక్కడ ఆగింది?
- కౌలుకు ఇచ్చిన భూమి మీద వచ్చిన సాయం కౌలు రేటును మార్చిందా?
- డబ్బు విత్తనాలు, ఎరువులు కొనే సమయానికి చేతికి వచ్చిందా?

మూడో ప్రశ్న చూడండి. ఇది పంట పెట్టుబడి సాయం. జూన్‌లో విత్తనం వేసే రైతుకు ఆగస్టులో డబ్బు పడితే బడ్జెట్ లెక్కల్లో పథకం అమలైనట్టే ఉంటుంది. రైతు మాత్రం అప్పటికే వడ్డీ వ్యాపారి గడప తొక్కి ఉంటాడు.

ఒక్క వాక్యంలో ప్రశ్న రాయండి. అందులో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే మూడూ ఉన్నాయా చూసుకోండి. లేకపోతే రెండో అడుగు వేయకండి.

## 2. తేదీల పట్టిక వేయండి

ఏ పథకమైనా ప్రారంభోత్సవం రోజున పుట్టదు. ప్రకటన, ఏర్పాట్లు, నిధులు, ప్రారంభం, మార్పులు అన్నీ వేర్వేరు తేదీల్లో ఉంటాయి. రైతుబంధుకు పట్టిక ఇలా వస్తుంది:

- 2017 ఏప్రిల్: ఎరువుల కోసం ఎకరాకు 4,000 రూపాయలు ఇస్తామన్న ప్రకటన. ఆ తర్వాత అది రెండు పంటలకూ పెట్టుబడి సాయంగా మారింది.
- 2017 సెప్టెంబర్: భూ రికార్డుల ప్రక్షాళన మొదలు.
- 2018 మార్చి: 2018-19 బడ్జెట్‌లో 12,000 కోట్ల కేటాయింపు.
- 2018 మే 10: హుజూరాబాద్ ప్రాంతంలో ప్రారంభం. పాస్‌బుక్కులతో పాటు చెక్కుల పంపిణీ.
- 2018 యాసంగి (రబీ): అసెంబ్లీ ఎన్నికల నియమావళి వల్ల చెక్కులకు బదులు నేరుగా బ్యాంకు ఖాతాల్లో జమ.
- 2019 వానాకాలం: ఎకరాకు పంటకు 5,000.
- 2020: వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దు. అక్టోబర్ 29న భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్ ప్రారంభం.
- 2023 నవంబర్ 27: పోలింగ్‌కు ముందు యాసంగి చెల్లింపులకు ఇచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం వెనక్కి తీసుకుంది.
- 2025 జనవరి 26: కొత్త ప్రభుత్వం రైతు భరోసా పేరుతో ఎకరాకు పంటకు 6,000.
- 2025 ఏప్రిల్ 14: ధరణి స్థానంలో భూభారతి.

పట్టిక పూర్తయ్యాక పక్కన ఇంకో గడి పెట్టి, ప్రతి తేదీకి "దీనివల్ల కింద ఏం మారింది?" అని రాయండి. చెక్కుల నుంచి ఖాతాలకు మారడం చిన్న విషయంలా కనిపిస్తుంది. చెక్కు అయితే ఊళ్లో అందరి ముందు చేతికి ఇస్తారు. అందనివాడు అక్కడే నిలబడి అడగగలడు. ఖాతాలో జమ అయితే పని వేగంగా సాగుతుంది, కానీ డబ్బు పడని రైతు ఎవరిని అడగాలో తెలియక బ్యాంకుకు, వ్యవసాయ శాఖకు, తహసీల్దారు ఆఫీసుకు మధ్య తిరుగుతాడు.

## 3. అర్హత వాక్యాన్ని విప్పి చూడండి

నా దృష్టిలో మొత్తం అధ్యయనంలో ఇదే ముఖ్యమైన అడుగు. పథకం పేరు, ప్రసంగాలు, పోస్టర్లు పక్కన పెట్టండి. మార్గదర్శకాల జీవోలో ఎవరికి ఇస్తారో చెప్పే ఒక్క వాక్యం ఉంటుంది. దాన్ని పట్టుకుంటే పథకంలో గెలిచేదెవరో, ఓడేదెవరో అమలుకు ముందే సగం తెలిసిపోతుంది.

రైతుబంధులో ఆ వాక్యం సారం ఇది: పట్టాదారు పాస్‌బుక్ ఉన్న భూమికి, ఎకరాల లెక్కన, గరిష్ఠ పరిమితి లేకుండా. ఇందులో మూడు నిర్ణయాలు ఉన్నాయి. ఒక్కోదాన్ని విడిగా చదవండి.

పాస్‌బుక్ అన్న షరతు. దీనివల్ల సాయం వ్యవసాయ శాఖ చేతిలో కన్నా రెవెన్యూ రికార్డుల చేతిలో పడింది. ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్ట్-ఎలో, వివాదం ఉన్నవాటిని పార్ట్-బిలో చేర్చారు. పార్ట్-బిలో పడిన రైతుకు పాస్‌బుక్ రాలేదు, కాబట్టి సాయమూ రాలేదు. అన్నదమ్ముల మధ్య పంపకం తేలకపోయినా, సాదా బైనామా (తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం) మీద కొని రిజిస్ట్రేషన్ చేయించుకోకపోయినా, సర్వే నంబరులో విస్తీర్ణం తప్పు పడినా అంతే.

ఎకరాల లెక్క. లెక్క మీరే వేసి చూడండి. 2 ఎకరాల 15 గుంటలు ఉన్న రైతుకు, 40 గుంటలు ఎకరా కాబట్టి, 2.375 ఎకరాలు. పంటకు 5,000 చొప్పున 11,875 రూపాయలు. 20 ఎకరాలున్న వ్యక్తికి అదే పంటకు లక్ష రూపాయలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుంటే గరిష్ఠ పరిమితి గురించి ఎందుకంత చర్చ జరిగిందో విడిగా చెప్పనక్కర్లేదు.

భూమి ఎవరి పేరున ఉందన్నదే ప్రమాణం, ఎవరు దున్నుతున్నారన్నది కాదు. కౌలు రైతు ఇక్కడే బయట ఉండిపోయాడు. ఇది అమలులో జరిగిన లోపం కాదు, రూపకల్పనలో తెలిసి తీసుకున్న నిర్ణయం. ఈ తేడా మీ నివేదికలో స్పష్టంగా కనిపించాలి. రూపకల్పన తప్పును కింది అధికారి మీద, అమలు తప్పును జీవో మీద వేస్తే పరిష్కారం కూడా తప్పుదారి పడుతుంది.

తర్వాత ఇలాంటి పథకాల వాక్యాలతో పోల్చండి:

- పీఎం కిసాన్: 2019లో మొదలైంది. భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి 6,000, మూడు విడతల్లో. మొదట 2 హెక్టార్ల పరిమితి ఉండేది, అదే ఏడాది ఎత్తేశారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు అనర్హులు.
- ఒడిశా కాలియా: చిన్న, సన్నకారు రైతులతో పాటు కౌలుదారులు, భూమిలేని కుటుంబాలూ ఉండేవి.
- ఆంధ్రప్రదేశ్ వైఎస్సార్ రైతు భరోసా: ఎకరాతో సంబంధం లేకుండా కుటుంబానికి, పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 13,500 ఇచ్చేవారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులనూ చేర్చారు.

కౌలు రైతును జీవోలో చేర్చినంత మాత్రాన డబ్బు అందుతుందని రాసేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు ఒప్పుకోరు. అర్హత వాక్యం చదివాక, దాన్ని నిరూపించే కాగితం ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి.

ఈ అడుగుకు చెక్‌లిస్టు:

- ప్రమాణం వ్యక్తా, కుటుంబమా, ఎకరమా?
- అర్హతను నిరూపించే కాగితం ఏది? అది ఇచ్చే ఆఫీసు ఏది?
- ఆ కాగితానికి గడువు తేదీ ఉందా? ఆ తర్వాత వచ్చినవాళ్ల సంగతేంటి?
- మినహాయింపులు ఏవి? వాటిని ఎవరు తనిఖీ చేస్తారు?
- తిరస్కరిస్తే అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

## 4. వదిలేసిన దారులు చూడండి

విధాన రూపకల్పన అంటే ఉన్న దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం. రైతుకు సాయం చేయడానికి రుణమాఫీ ఉంది, మద్దతు ధర ఉంది, ఎరువుల సబ్సిడీ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2014 తర్వాత లక్ష రూపాయల వరకు రుణమాఫీని నాలుగు విడతల్లో చేసింది. బ్యాంకు అప్పు లేని రైతుకు మాఫీ వల్ల ఏమీ రాదు. ఎకరా సాయం ఆ ఖాళీని పూడుస్తుంది, కానీ పట్టా లేనివాళ్ల ఖాళీని అలాగే ఉంచుతుంది.

ఒక పేజీ చాలు. మూడు దారులు, ఒక్కోదానివల్ల ఎవరికి లాభం, ఎవరికి లేదు, ఎంత ఖర్చు. దీనికోసం అసెంబ్లీ చర్చలు, బడ్జెట్ ప్రసంగాలు చదవండి. ప్రతిపక్ష సభ్యుల ప్రశ్నలకు మంత్రులు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబుల్లో చాలా సమాచారం ఉంటుంది.

## 5. మూడు అంకెలూ దొరికే దాకా డబ్బు లెక్క వదలొద్దు

వార్తల్లో వచ్చే కోట్ల అంకె దాదాపు ఎప్పుడూ కేటాయింపు మాత్రమే. బడ్జెట్ పత్రాల్లో ఒకే పద్దుకు మూడు రకాల అంకెలు ఉంటాయి: వచ్చే ఏడాది బడ్జెట్ అంచనా, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది వాస్తవ ఖర్చు. 2018-19కి అసలు ఎంత ఖర్చయిందో తెలియాలంటే 2020-21 బడ్జెట్ పత్రాలు తెరవాలి.

చేయాల్సిన పని:

1. డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్‌లో (శాఖల వారీ ఖర్చు పద్దుల బడ్జెట్ పత్రాలు) వ్యవసాయ శాఖ పుస్తకం తెరిచి పథకం పద్దు వెతకండి.
2. ఐదేళ్ల అంచనా, సవరణ, వాస్తవ ఖర్చు ఒకే వరుసలో రాయండి.
3. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధుల కింద ఇదే పథకానికి విడిగా పద్దు ఉందేమో చూడండి. ఒక్క పద్దే చూసి మొత్తం తక్కువగా రాసేయడం తరచూ కనిపించే పొరపాటు.
4. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే రాష్ట్ర ఆర్థిక నివేదికతో సరిపోల్చండి.

అంకెలు కలవకపోతే కంగారు పడొద్దు. ఒకటి ఆర్థిక సంవత్సరం లెక్క, ఇంకోటి పంట కాలం లెక్క అయి ఉండొచ్చు. యాసంగి డబ్బు డిసెంబరులో మొదలై మార్చి దాటి పంచితే రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది.

## 6. రూపాయి నడిచే దారి గీయండి

ఒక తెల్ల కాగితం మీద పైన ఆర్థిక శాఖ, కింద రైతు అని రాసి మధ్యలో ప్రతి మెట్టూ పెట్టండి. భూ రికార్డుల నుంచి పట్టాదారుల జాబితా వస్తుంది. కొత్తగా పాస్‌బుక్ వచ్చినవాళ్ల బ్యాంకు వివరాలు వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే ఊళ్లో అందరూ ఏఈవో అనే మనిషి, సేకరిస్తాడు. ఆ వివరాలు పోర్టల్‌లో ఎక్కుతాయి. నిధులు విడుదలయ్యాక ఖాతాల్లో జమ అవుతాయి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ తప్పయినా, బ్యాంకులు విలీనమై కోడ్ మారినా, ఖాతా మూతపడినా డబ్బు వెనక్కి పోతుంది.

ప్రతి మెట్టు దగ్గర నాలుగు ప్రశ్నలు రాయండి. ఇక్కడ ఎవరు సంతకం పెట్టాలి? ఎన్ని రోజులు పట్టాలి, ఎన్ని పడుతున్నాయి? ఇక్కడ ఆగితే రైతుకు ఎలా తెలుస్తుంది? సరిచేసే అధికారం ఎవరిది?

నాలుగోది చాలా కీలకం. రైతు రోజూ చూసే మనిషి ఏఈవో. భూమి విస్తీర్ణం తప్పు పడితే దాన్ని దిద్దే అధికారం మాత్రం అతనికి లేదు, అది రెవెన్యూది. వీఆర్వోలు పోయాక ఊరి స్థాయిలో అడగడానికి రెవెన్యూ అధికారి కూడా కొన్నేళ్లు లేకుండా పోయాడు. కింది ఉద్యోగులను విమర్శించే ముందు వాళ్ల చేతిలో ఉన్న అధికారం ఎంతో రాయడం కనీస న్యాయం.

డబ్బు పడే వరుసను కూడా గమనించండి. తక్కువ భూమి ఉన్నవాళ్లతో మొదలుపెట్టి, ఎకరా, రెండెకరాలు, మూడెకరాలు అంటూ పైకి వెళ్తారు. మీరు పంపిణీ మొదలైన మొదటి వారంలో ఊరికి వెళ్లి "ఐదెకరాల వాళ్లెవరికీ రాలేదు" అని రాస్తే అది తప్పు నిర్ధారణ.

## 7. సమాచార హక్కు దరఖాస్తు ఇలా రాయండి

చట్టం రికార్డులో ఉన్న సమాచారం ఇప్పిస్తుంది. అభిప్రాయాలు, కారణాలు అడిగితే "సమాచార పరిధిలోకి రాదు" అని జవాబొస్తుంది.

పని చేయని ప్రశ్న: "మా మండలంలో చాలామందికి రైతుబంధు ఎందుకు రాలేదు?"

పని చేసే ప్రశ్న: "ఫలానా మండలంలో 2022 వానాకాలానికి సంబంధించి, (అ) పాస్‌బుక్కులు ఉన్న పట్టాదారుల సంఖ్య, (ఆ) జమ అయినవారి సంఖ్య, మొత్తం, (ఇ) వెనక్కి వచ్చిన చెల్లింపుల సంఖ్య, రికార్డులో నమోదైన కారణాల వారీగా, గ్రామాల వారీ పట్టిక రూపంలో ఇవ్వగలరు."

- గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.
- జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే లేదా తృప్తిగా లేకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.
- వ్యక్తుల పేర్లు, ఖాతా నంబర్లు అడగొద్దు. తిరస్కరించడానికి అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది, పైగా మీకు వాటితో పని లేదు.
- ఒక దరఖాస్తులో ఒకే విషయం. పది ప్రశ్నలు కలిపి పెడితే పది శాఖలకు తిరుగుతుంది.

అధ్యయనం మొదటి వారంలోనే దరఖాస్తు వేసేయండి. జవాబు వచ్చేలోగా మిగతా పని సాగుతుంది.

## 8. ఊళ్లోకి వెళ్లే పద్ధతి

ఎక్కువ అధ్యయనాలు పాడయ్యేది ఇక్కడే. లబ్ధిదారుల జాబితా తెచ్చుకుని అందులోంచి యాభై మందిని ఎంచుకుంటారు. ఆ జాబితాలో ఉన్నది అందినవాళ్లు. అందనివాళ్లను మీరు కలిసే అవకాశమే ఉండదు. "నూటికి తొంభై మందికి అందింది" అన్న నిర్ధారణ అలాగే పుడుతుంది.

ఇళ్ల జాబితా మీరే తయారు చేసుకోండి. ఊరంతా నడిచి, వాడవాడలా, తండా ఉంటే తండాతో సహా, వ్యవసాయం చేసే ప్రతి ఇంటినీ రాసుకోండి. తర్వాత చీటీలు తీసి ఇళ్లను ఎంచుకోండి. సర్పంచ్ చూపించిన ఇళ్లతో, రోడ్డు పక్కన దొరికిన మనుషులతో సరిపెట్టుకోవద్దు.

నేరుగా "మీరు కౌలు రైతా?" అని అడగొద్దు. యజమాని చెవిన పడితే వచ్చే ఏడు భూమి ఇవ్వడేమో అన్న భయం నిజమైనది. ప్రశ్నల వరుస ఇలా పెట్టండి:

1. ఈ వానాకాలం మీ ఇంటోళ్లు మొత్తం ఎన్ని ఎకరాలు సాగు చేస్తున్నరు?
2. అందులో మీ ఇంట్లవాళ్ల పేరు మీద పాస్‌బుక్ ఉన్నదెంత?
3. మిగిలిన భూమికి పైసలు కడుతున్నరా, పంటల వాటా ఇస్తున్నరా?
4. విత్తనాలు ఏ నెలల కొన్నరు? అప్పటికి పైసలు పడ్డయా?
5. పడకపోతే పెట్టుబడి ఎక్కడికెళ్లి తెచ్చిన్రు? మిత్తి ఎంత?

ఒకటి, రెండు జవాబుల మధ్య తేడాలో, పైసలో వాటానో ఇస్తున్నామని మూడో ప్రశ్నకు చెప్పిన భూమే కౌలు విస్తీర్ణం. మనిషి తన నోటితో ఆ ముద్ర వేసుకోకుండానే లెక్క వచ్చేస్తుంది. ప్రశ్నలు ఊరి యాసలోనే ఉండాలి. "ప్రత్యక్ష నగదు బదిలీ మీకు సకాలంలో లభించినదా?" అంటే ఎదుటి మనిషి ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాడు.

తేదీలు జ్ఞాపకం మీద వదలొద్దు. బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంట్రీ గానీ, ఫోన్‌లో వచ్చిన మెసేజ్ గానీ చూపించమని మర్యాదగా అడగండి. చూపిస్తే తేదీ, మొత్తం మాత్రమే రాసుకోండి. ఆధార్, ఖాతా నంబర్ల ఫొటోలు తీయొద్దు.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. పాస్‌బుక్ భార్య పేరున ఉండి ఏటీఎం కార్డు భర్త జేబులో ఉండటం మామూలే. డబ్బు అందిందన్న జవాబు వెనక ఎవరికి అందిందన్నది వేరే ప్రశ్న.

ఊరికి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి:

- ప్రశ్నలు పక్క ఊళ్లో నలుగురైదుగురితో పరీక్షించారా?
- మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో, మీ వల్ల డబ్బు రాదన్న సంగతి మొదటే చెబుతున్నారా?
- నాట్లు, కోతల రోజుల్లో పొద్దున వెళ్లడం మానుకున్నారా?
- పేర్లకు బదులు కోడ్ నంబర్లు వాడుతున్నారా?

## 9. ఫలితాన్ని ఎలా కొలవాలి

"రైతుబంధు వచ్చాక వరి సాగు పెరిగింది, కాబట్టి పథకం ఫలించింది." ఈ వాక్యం ఎన్ని చోట్ల రాశారో లెక్కలేదు. వరి సాగు పెరిగిన మాట నిజం. కానీ అదే కాలంలో ఇంకేం జరిగాయో తేదీల పట్టికలో చేర్చి చూడండి. మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత 2015లో మొదలైంది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న వచ్చింది. రైతు బీమా 2018 ఆగస్టు 15న, పీఎం కిసాన్ 2019లో వచ్చాయి. కాళేశ్వరం 2019 జూన్‌లో ప్రారంభమైంది. వానలు ఏ ఏడు ఎలా పడ్డాయన్నది ఉండనే ఉంది. పెరుగుదలలో రైతుబంధు వాటా ఎంత? ముందు, తర్వాత అన్న పోలికతో ఇది ఎప్పటికీ తేలదు.

కావాల్సింది, పథకం లేకపోయి ఉంటే ఏం జరిగేదో చెప్పగల పోలిక. అలాంటివి మూడు, వాటిలో మొదటి రెండూ మీ స్థాయిలో చేయగలిగినవి:

సరిహద్దు పోలిక. ఆదిలాబాద్ పత్తి రైతునూ, హద్దు అవతల మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి రైతునూ పోల్చడం ఒక దారి. నేల, వాన, పంట దగ్గరగా ఉంటాయి. కరెంటు, మార్కెట్, అప్పుల విధానం వేరు కాబట్టి ఆ తేడాలు కూడా రాయాలి.

ఊరి లోపలి పోలిక. పార్ట్-ఎలో ఉన్న రైతును, దాదాపు అంతే భూమి ఉండి పార్ట్-బిలో చిక్కుకున్న రైతుతో పోల్చండి. కరెంటు, వాన, చెరువు ఇద్దరికీ ఒకటే. పార్ట్-బి రైతుకు భూమి వివాదం అనే అదనపు కష్టం ఉంటుందని మరవొద్దు. అయినా ఒక విద్యార్థి చేతనయ్యే పోలికల్లో ఇది నాకు చాలా నచ్చినది.

చీటీ వేసి విభజించడం. పెద్ద పరిశోధక బృందాలు చేసేది ఇది. రైతుబంధు మొదటి విడత మీదే ఇలాంటి ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్, జెఫ్రీ వీవర్ కలిసి చేశారు. చీటీ పద్ధతిలో ఎంపికైన మండలాల్లో అధికారులకు, పంపిణీ ఎలా జరిగిందో రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటామని ముందే చెప్పారు. ఆ మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా అందిన ప్రతి వంద రూపాయలకు అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు.

ఈ ప్రయోగం దేన్ని కొలిచిందో జాగ్రత్తగా చూడండి. ఫోన్ పర్యవేక్షణ వల్ల పంపిణీ మెరుగైందా అన్నది కొలిచింది. రైతుబంధు వల్ల రైతు ఆదాయం పెరిగిందా అన్నది కాదు. ఒక అధ్యయనం జవాబివ్వని ప్రశ్నకు దాన్నే సాక్ష్యంగా చూపడం వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. పత్రం చదివేటప్పుడు "వీళ్లు పోల్చింది ఎవరిని, ఎవరితో?" అన్న ఒక్క ప్రశ్న మార్జిన్‌లో రాసుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

రాష్ట్ర స్థాయి అంకెలకు జాతీయ నమూనా సర్వేలో రైతు కుటుంబాల పరిస్థితి మీద వచ్చిన 70వ రౌండు, 77వ రౌండు చూడండి. మొదటిది 2013 నాటిది, రెండోది 2019 నాటిది. మధ్యలో ఉన్నది ఒక్క పథకం కాదు, రాష్ట్రమే కొత్తగా ఏర్పడిన కాలం. కాబట్టి వాటిని నేపథ్యంగా వాడండి, రుజువుగా కాదు.

## 10. నివేదిక రాసేటప్పుడు

మొదటి పేజీలోనే ప్రశ్న, మీరు చూసిన చోటు, ఎంతమందితో మాట్లాడారు, ఏం తేలింది అన్నవి రాయండి. తర్వాత లోపాలను మూడు డబ్బాల్లో వేయండి: రూపకల్పనలో ఉన్నవి, అమలులో వచ్చినవి, భూ రికార్డుల్లాంటి బయటి వ్యవస్థ నుంచి దిగినవి. ఒక్కోదాని ఎదురుగా సరిచేయగల ఆఫీసు పేరు రాయండి.

ఒక మండలంలో చూసినదాన్ని రాష్ట్రం మొత్తానికీ అంటగట్టొద్దు. "మేము చూసిన రెండు ఊళ్లలో" అని రాయడం బలహీనత కాదు. చదివే అధికారి ఆ వాక్యం చూశాకే మిగతాది నమ్ముతాడు.

## తరచూ జరిగే పొరపాట్లు, వాటి పరిష్కారాలు

పేరు మారగానే కొత్త పథకం అనుకోవడం. రైతుబంధు, రైతు భరోసా అర్హత వాక్యాలు పక్కపక్కన పెట్టండి. మొత్తం 5,000 నుంచి 6,000 అయింది. సాగుకు పనికిరాని భూములను తీసేశారు. "సాగుకు యోగ్యమైన భూమి" అనడం వేరు, "ఈ పంటకాలం సాగు చేసిన భూమి" అనడం వేరు. మొదటిదైతే బీడుగా వదిలేసినా వస్తుంది. భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని విడిగా పెట్టారు, దాని అర్హత ఉపాధి హామీ పని దినాలతో ముడిపడి ఉంది. కాబట్టి దాన్ని వేరే పథకంగానే చదవాలి.

ప్రకటన, మేనిఫెస్టో, జీవో మూడింటినీ కలిపేయడం. 2023 ఎన్నికల హామీలో ఎకరాకు ఏడాదికి 15,000, కౌలు రైతులకు కూడా అని ఉంది. అమలులోకి వచ్చింది 12,000. రెండిటి మధ్య తేడా మీ అధ్యయనానికి మంచి ప్రశ్న, కానీ హామీని అమలుగా రాయకూడదు.

డ్యాష్‌బోర్డు అంకెను ఫలితంగా రాయడం. ఎన్ని ఖాతాల్లో ఎంత పడిందన్నది ప్రభుత్వం చేసిన పని. రైతు బయటి అప్పు తగ్గిందా అన్నది ఫలితం. రెండు వేర్వేరు పట్టికలు పెట్టుకోండి.

అధికారులను చివర్లో కలవడం. ఊరికి వెళ్లకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కలవండి. మొదటిసారి దారి తెలుసుకోవడానికి, రెండోసారి మీరు చూసినదానికి వాళ్ల జవాబు వినడానికి. ఆ జవాబును నివేదికలో చేర్చండి.

ఒక్క పంటకాలం చూసి ముగించడం. వానాకాలం, యాసంగి రెండూ చూడండి. కుదరకపోతే శీర్షికలోనే ఏ పంటకాలమో రాయండి.

పనికి సరిపడా సమయం పెట్టుకోకపోవడం. ఒక మండలంలో రెండు ఊళ్ల అధ్యయనానికి, ఒక్కరే చేస్తే, ఈ వరుస పెట్టుకోండి: మొదటి రెండు వారాలు ప్రశ్న, తేదీల పట్టిక, సమాచార హక్కు దరఖాస్తు. తర్వాత రెండు వారాలు జీవోలు, బడ్జెట్, పోలికలు. ఐదో వారం అధికారులను కలవడం, ప్రశ్నలు పరీక్షించడం. ఆరు, ఏడు వారాలు ఊళ్లలో. ఎనిమిదో వారం సమాచార హక్కు జవాబుతో మీ లెక్కలు సరిపోల్చడం, రెండోసారి అధికారులను కలవడం. రాయడానికి ఆపైన రెండు వారాలు. జవాబు రాకపోతే అప్పీలు వేసి, నివేదికలో దరఖాస్తు తేదీతో సహా ఆ సంగతి రాసి ముందుకు వెళ్లండి.